పై వాటా ఖర్చు

కిందటి వారం మనం ఈ ఇంటి కోడల్ని వంటింటి గుమ్మంలో వదిలేసి వచ్చాం. పై వాటాలో ఒంటరిగా ఉండే టైలరమ్మ ఆదివారం పొద్దున్నే మెట్లు దిగి వచ్చి, "అక్కా, మీ ముగ్గురి ఖర్చూ కలిపినా నా ఒక్కదాని ఖర్చుకి మించడం లేదు. ఆ కిటుకేదో నాకూ చెప్పు" అని అడగడమూ, కోడలు నవ్వబోయి ఎందుకో నవ్వలేకపోవడమూ చాలామందికి గుర్తుండే ఉంటుంది. గుర్తు లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

లిఫ్టులు బాగుచేసే ఈ ఇంటాయన అందరికన్నా ముందు ఒక్కడే ఈ దేశం వచ్చాడు. పై వాటాలో ఉన్న ఒంటిగదిలో కొన్నాళ్ళు గడిపి, కింది వాటా ఖాళీ కాగానే అద్దెకు తీసుకుని, తల్లినీ భార్యనీ రప్పించుకున్నాడు. ఆయన వదిలిన ఒంటిగదిలోకి టైలరమ్మ దిగింది. ఆవిడా మన దేశం మనిషే, మన భాష మనిషే. బయల్దేరే ముందు చుట్టాలంతా కలిసి కోడల్ని హడలగొట్టారు. అక్కడ పాలు కొనాలంటే ఆస్తులమ్ముకోవాలన్నారు. సబ్బుబిళ్ళ ధర వింటే స్నానం మీదే విరక్తి పుడుతుందన్నారు. తీరా వచ్చి చూస్తే ధరలు వాళ్ళు చెప్పినంతా ఉన్నాయి, కాదనలేం. కానీ సరుకంటూ అయిపోతే కదా మళ్ళీ కొనాల్సింది. ఈ ఇంట్లో ఏదీ ఓ పట్టాన అయిపోదు. బియ్యం డబ్బా అడుగు కనపడదు. సబ్బు అరగదు. నీళ్ళ బిల్లు చూసి ఇంటి ఓనరు, ఊళ్ళో లేరా అని ఫోను చేసి కనుక్కున్నాడు.

అత్తగారు ఫోనెత్తితే చాలు, ఇదే గొప్ప. "అందరూ ఉత్తినే బెదరగొట్టారు. మా కోడలు నడిపితే ఎక్కడైనా చవగ్గా బతికేయొచ్చు" అనేవారు. కోడలూ ఆ మాటకి పొంగిపోయింది. పొంగకేం చేస్తుంది? మన దేశంలో ఉండగా పనివాళ్ళ హాస్టల్లో మెస్సు నడిపిన మనిషి. తలకింత అని కొలిచి వండడమే ఆమె వృత్తి. భోజనాలయ్యాక గిన్నె అడుగు చూసి, ఇవాళ ఒకడు తినడానికి రాలేదని చెప్పగలిగేది. అలాంటిది తన ఇంటి గిన్నెల్లో రోజూ ఇంత మిగులుతుంటే, అదంతా తన పొదుపనుకుంది. తన చేతి మహిమనుకుంది. ఆ పొద్దున టైలరమ్మ అడిగిన ప్రశ్నకి నవ్వు రాకపోవడానికి కారణం అదే. కిటుకంటూ ఏమీ లేదని ఆమెకి అప్పుడే, ఆ గుమ్మంలోనే తెలిసింది.

టైలరమ్మ ఉత్త చేతుల్తో రాలేదు. చంకలో ఓ పెద్ద సంచీ ఇరికించుకొచ్చింది.

"నేనేదో దుబారా మనిషినని అనుకుంటావని, నా చెత్తబుట్టే మోసుకొచ్చాను. నువ్వే చూడు" అంటూ బల్ల మీద కాగితం పరిచి గుమ్మరించింది.

ఖాళీ పాల సీసాలు. గుడ్ల అట్టలు. రొట్టెల కవర్లు. నాలిక మందాన మిగిలిన సబ్బు ముక్క. అత్తగారు చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఒక్కో సీసా ఎత్తి చూసి దించారు.

"ఒక్కదానివే తాగావా ఇన్ని పాలు? ఇదే సీసా మన దగ్గరైతే ఎంతకొచ్చేదో తెలుసా?"

"తెలుసు పిన్నిగారూ, అది లెక్కేసుకునే ఏడుస్తున్నాను. మొదట్లో ఈ దేశం సీసాలు చిన్నవేమో అనుకున్నాను. చూస్తే అదే కొలత. తర్వాత ఇక్కడి చలికి ఆకలెక్కువేమో అనుకున్నాను. అసలు నేను తింటే కదా? కోట్ల అంచులు మడిచీ మడిచీ మెడ పట్టేసి, ఓ రొట్టె ముక్క కొరికి పడుకుంటాను. లేచి చూస్తే రొట్టె మొత్తం ఉండదు."

"పిల్లి గానీ దూరుతోందేమో చూశావా?" అన్నారు అత్తగారు.

"పిల్లి సబ్బు రాసుకుంటుందా పిన్నిగారూ?"

టైలరమ్మ కుర్చీలో కూలబడి తన గది తాళంచెవి బల్ల మీద పడేసింది. "నా వల్ల కాదక్కా. నెలాఖరుకి సామాను సర్దుకుని తిరిగి పోతాను. ఒక్క మనిషికి ఇంతయ్యే దేశంలో నేను బతకలేను."

కోడలు వెళ్ళి తమ చెత్తబుట్ట తెచ్చింది. అదే బల్ల మీద ఈ చివర గుమ్మరించింది. గుమ్మరించడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. ముగ్గురు మనుషుల ఇల్లు. ఆ కుప్ప, ఈ కుప్ప పక్కపక్కన పెట్టి చూస్తే అచ్చం ఒక్క ఇంటివే అనిపించేలా ఉన్నాయి. మెస్సు మనిషి కదా, ఆమె కళ్ళు ధరలు చూడలేదు, తలలు లెక్కపెట్టాయి. ఇక్కడ ముగ్గురుండాల్సిన చోట ఇద్దరే తింటున్నారు. అక్కడ ఒక్కరుండాల్సిన చోట ఇద్దరు తింటున్నారు. ఇక్కడ తగ్గిన తల అక్కడ తేలింది.

ఇలాంటప్పుడు ఏ ఆడదానికైనా మొదట వచ్చే అనుమానమే ఆమెకీ వచ్చింది. తల తిప్పి టైలరమ్మ వంక చూసింది. మెడ మీద కొలతల టేపు, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కుని తీయడం మరిచిపోయిన అంగుస్తానా, నిద్రలేక గుంటలు పడ్డ కళ్ళు. ఆ చూపు ఎందుకో టైలరమ్మకి అర్థమైపోయింది.

"అక్కా, నువ్వేమనుకుంటున్నావో నాకు తెలుసు. మీ ఆయన నా గడప తొక్కి ఉంటే నా చేతులు పడిపోనీ. ఆయన పనికెళ్ళినప్పుడూ ఇంతే, ఇంట్లో ఉన్నప్పుడూ ఇంతే. నేను తాళం వేసుకుని కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్ళొచ్చేసరికి గిన్నెలో గరిట పక్కకి జరిగి ఉంటుంది."

అది అబద్ధం కాదని కోడలికి తెలుసు. ఆయన పని నుంచి నేరుగా ఇంటికే వస్తాడు. వచ్చి ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాడు. ఇంకెక్కడికీ పోడు. ఇప్పుడూ అక్కడే ఉన్నాడు. తలుపు సందులోంచి ఆయన భుజం కనపడుతోంది. ఇంత మాట్లాడుకుంటున్నా ఆ భుజం కదల్లేదు.

కోడలు అత్తగారి వైపు తిరిగింది. తను ఆసుపత్రి వంటశాలలో సాయంత్రం డ్యూటీ చేసి ఇల్లు చేరేసరికి ఆయన భోజనం అయిపోయి ఉంటుంది. అయిపోయిందని చెప్పేది అత్తగారే. సెలవు రోజున కూడా ఆయనకి వడ్డించే పని ఆవిడదే.

"అత్తయ్యా, రోజూ ఆయనకి వడ్డించేది మీరే కదా?"

అత్తగారు బల్ల తుడిచే గుడ్డ తీసుకుని మడత పెట్టడం మొదలుపెట్టారు. మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టారు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. ఆయన తింటున్నారా?"

"వచ్చిన కొత్తలో వడ్డించేదాన్ని" అన్నారు అత్తగారు చివరికి. "తర్వాత తింటాలే అమ్మా అనేవాడు. ఎప్పుడు చూసినా కంచం పెట్టింది పెట్టినట్టే ఉండేది. నువ్వొచ్చే లోపల మళ్ళీ గిన్నెలోకి తీసేసేదాన్ని. పోనుపోను వడ్డించడమే మానేశాను. క్యారేజీ కూడా అంతే. ఖాళీదే ఇస్తాను. ఖాళీదే తెస్తాడు."

"ఇన్నాళ్ళూనా?"

"ఇన్నాళ్ళూ."

"నాకు చెప్పాలనిపించలేదా మీకు?"

"ఏమని చెప్పను అమ్మాయ్? నీ మొగుడు తిండి మానేశాడు, అయినా చిక్కలేదు, నీరసపడలేదు, పనికి వెళ్ళొస్తున్నాడు అని చెప్పనా? నాకు మతి పోయిందంటావు." ముసలావిడ గొంతు సన్నబడింది. "వాడికి ఆకలేస్తే ఇల్లు పీకి పందిరేసేవాడు. నీకు తెలీనిదా? కంచం రావడం ఆలస్యమైతే గ్లాసు మీద చెంచాతో టంగుటంగున కొట్టేవాడు. పెళ్ళయ్యాక కూడా మానలేదు వెధవ. ఇప్పుడో, ఒక్క కసురు లేదు, ఒక్క విసురు లేదు. నా పక్కన కూర్చుని, అమ్మా కాళ్ళు నొప్పులా, పట్టనా అని అడుగుతాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడు అడిగాడా? ఆ మాట కోసం నోరు కుట్టేసుకున్నాను. తిండి సంగతెత్తితే ఆ మాట పోతుందేమోనని భయం."

కోడలికి ముందు ఒళ్ళు మండింది. తర్వాత భయం వేసింది. ఆ వెనకే, ఆ రెంటికన్నా పెద్దది, సిగ్గేసింది. ఊరూ పేరూ తెలీని పనివాడు ఒక్క పూట తినకపోతే గిన్నె చూసి పట్టుకున్న తను, పక్కన పడుకునే మనిషి నెలల తరబడి మెతుకు ముట్టకపోతే, బిల్లు తగ్గిందని మురిసిపోయింది. ఆయన మంచితనం చూసి తనూ మురిసింది, అత్తగారినొక్కర్తినే అనడమెందుకు? ఈ దేశం వచ్చాక మా ఆయన ఎంత మారిపోయాడో అని స్నేహితురాలితో ఫోనులో చెప్పుకుంది కూడా.

"అన్నం ఉడికింది, అందరికీ కంచాలు పెట్టండి అత్తయ్యా" అంది కోడలు. "నువ్వూ కూర్చో" అంది టైలరమ్మతో. "ఇవాళ ఆయనకి నేను వడ్డిస్తాను."

పిలవగానే ఆయన వచ్చాడు. ఎప్పుడు పిలిచినా వస్తాడు, అదేం ఇబ్బంది లేదు. టైలరమ్మని చూసి బాగున్నారా అని పలకరించాడు. తల్లి కుర్చీ వెనక దిండు సరిచేశాడు. మంచి మనిషి, చూడగానే ఎవరైనా అనే మాటే. కోడలు అన్నం పెట్టి, పప్పు వేసి, కంచం ఆయన ముందుకు జరిపింది. జరుపుతూ కావాలనే చేతికి చెయ్యి తగిలించింది. ఆ చెయ్యి చల్లగా లేదు. వెచ్చగానూ లేదు. బల్లని తాకితే ఎలా ఉంటుందో, చెయ్యీ అలాగే ఉంది.

"తర్వాత తింటాలే" అన్నాడాయన.

"ఇప్పుడు తినండి. నా కోసం ఒక్క ముద్ద."

ఆయన కాదనలేదు. ముద్ద కలిపి ఎత్తాడు. ఎత్తిన ముద్ద నోటి దాకా పోలేదు. దాని వంకే చూస్తూ ఉండిపోయాడు. పెదాలు మాత్రం చప్పుడు లేకుండా కదిలాయి. తర్వాత ముద్దని జాగ్రత్తగా, ఎక్కణ్ణుంచి తీశాడో అక్కడే పెట్టేశాడు. కొట్లో వస్తువు తీసి చూసి, మళ్ళీ అదే అరలో పెట్టినట్టు పెట్టాడు.

"ఏం లెక్కపెడుతున్నారు?" అంది కోడలు.

"నేనా? ఏం లేదే." కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "అలవాటు. పై గదిలో ఉన్నప్పటి నుంచీ ఉంది."

"ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు మీరు."

"చెప్పేదేముంది? కొత్తలో ఎవరైనా చేసేదే."

నిజమే, దేశం మారిన ప్రతివాడూ కొత్తలో చేసేదే ఇది. వస్తువు చేతిలోకి తీసుకుంటాడు. ధర చూస్తాడు. దాన్ని మన డబ్బుల్లోకి మారుస్తాడు. ఈ డబ్బుతో అక్కడ ఏమేం వస్తాయో గుర్తు తెచ్చుకుంటాడు. గుండె గుభేలుమంటుంది. వస్తువు అరలోకి వెళ్ళిపోతుంది. మొదటి జీతంతోనో, రెండో జీతంతోనో ఆ జబ్బు దానంతటదే కుదురుతుంది. ఇక్కడ సంపాదించింది ఇక్కడి లెక్కలోనే ఖర్చుపెట్టాలని తెలిసొస్తుంది. ఈయనకి కుదరలేదు, అంతే తేడా.

"రొట్టె తీసుకునేవాణ్ణి" అన్నాడాయన, ఎవరి కథో చెబుతున్నంత తేలిగ్గా. "మన డబ్బుల్లోకి మార్చేసరికి చెయ్యి దానంతటదే వెనక్కొచ్చేసేది. పాలు తీసుకునేవాణ్ణి. అదే డబ్బుకి అక్కడ అమ్మకి మందులొస్తాయి కదా అనిపించేది. పెట్టేసేవాణ్ణి. గదికెళ్ళి నీళ్ళు తాగి పడుకునేవాణ్ణి. తర్వాత నీళ్ళకీ బిల్లు వస్తుందని తెలిసింది."

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

"ఆ మిగిల్చిన డబ్బుతోనే మీ ఇద్దరికీ టిక్కెట్లు కొన్నాను" అన్నాడాయన. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆయన మొహంలో కాస్త వెలుగు కనపడింది. కోడలు విమానంలో కిటికీ పక్క సీటు కోసం అత్తగారితో వేళాకోళమాడుతూ వచ్చింది. ఆ సీటు ఏ డబ్బుతో వచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. ఆపుకుంది.

"మరి ఆకలి?"

"మొదట్లో బాగా వేసేది. ప్రాణం పోతుందనిపించేది. గది మధ్యలో కూర్చుని..." ఆయన ఆగాడు. ఏదో గుర్తు తెచ్చుకోబోయి వదిలేశాడు. "కింది వాటా తాళాలు చేతికొచ్చిన రోజున, పైన తలుపేసి మెట్లు దిగుతుంటే ఒళ్ళంతా ఒక్కసారి తేలికైపోయింది. ఆకలి లేదు. కోపం లేదు. ఏదీ కావాలని లేదు. ఆ రోజు నుంచీ మరి వేయలేదు. ఎంత హాయిగా ఉందో తెలుసా? ఖర్చు కూడా కలిసొచ్చింది."

"ఆ ఆకలంతా ఏమైపోయింది?"

"ఏమో. పైనే వదిలేసి వచ్చినట్టున్నాను" అన్నాడు, గొడుగు మరిచిపోయిన మనిషిలా.

అప్పుడు వినపడింది ఆ చప్పుడు.

టంగ్. టంగ్. టంగ్.

గ్లాసు మీద చెంచా చప్పుడు. తలల మీద నుంచి, పై వాటా నేలలోంచి వస్తోంది. టైలరమ్మ చేతిలో ముద్ద జారి కంచంలో పడింది. ఆవిడ ఇక్కడే ఉంది. ఆవిడ గది తాళంచెవి బల్ల మీద, పప్పు గిన్నె పక్కనే ఉంది.

మళ్ళీ వచ్చింది ఆ చప్పుడు. ఈసారి ఇంకా విసురుగా. ఎవరూ ఏమీ అనకముందే అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఒక చెయ్యి గరిట కోసం తడుముకుంటోంది. కళ్ళు పైకి చూస్తున్నాయి. చిన్నప్పటి నుంచీ ఆ చప్పుడుకి ఎన్నిసార్లు లేచి ఉంటారో, అలాగే లేచారు.

"వస్తున్నా నాన్నా, ఒక్క నిమిషం" అన్నారు, పైకప్పుకేసి.

అనేశాక ఆవిడకే తెలిసింది ఏమన్నారో. మెల్లిగా తల దించి, ఎదురుగా కూర్చున్న కొడుకుని చూశారు. కొడుకు నవ్వుతూ తల్లినే చూస్తున్నాడు.

"ఎవరికమ్మా వస్తున్నావు? అందరూ పైకి చూస్తారేంటి?" అన్నాడు. ఆయనకి ఏమీ వినపడలేదు.

కోడలు ఆయన కంచం ఎత్తి పట్టుకుంది. ఇంకో గరిటెడు అన్నం వేసింది. మెస్సులో బాగా ఆకలి మీదున్న వాడికి పెట్టే కొలత అది. కొలత తప్పలేదు.

"నేనూ వస్తాను" అన్నారు అత్తగారు.

"మీరు ఆయన దగ్గర ఉండండి అత్తయ్యా. ఆయన్ని కుర్చీలోంచి లేవనివ్వకండి."

ఎందుకలా అందో ఆమెకీ తెలీదు. తెలిసింది ఒక్కటే. కోపం రాని మొగుడు, ఖర్చు లేని మొగుడు, అడిగినదానికల్లా సరేననే మొగుడు తనకక్కర్లేదు. గ్లాసు మీద చెంచాతో కొట్టి ఇల్లెగరగొట్టే ఆ మనిషితో సహా, మొత్తం మనిషి కావాలి. పెళ్ళి చేసుకున్నది ఆ మొత్తం మనిషిని.

ఆ ఇంటి మెట్లకి కిటికీ లేదు. బయట పట్టపగలైనా లోపల చీకటే. మీట నొక్కితే కాసేపు దీపం వెలుగుతుంది, తర్వాత దానంతటదే ఆరిపోతుంది. కరెంటు ఆదా కోసం ఓనరు పెట్టించిన ఏర్పాటు. అత్తగారికి ఆ ఏర్పాటు ఎంతో నచ్చింది, మన దగ్గర కూడా ఉంటే బాగుండేదని చాలాసార్లు అన్నారు. టైలరమ్మ మీట నొక్కి తాళంచెవి పట్టుకుని వెనకే వచ్చింది. పైమెట్టు దాకా వచ్చి ఆగిపోయింది.

"నేను రాలేనక్కా. నువ్వు తియ్యి" అని తాళంచెవి కోడలి వేళ్ళ మధ్య పెట్టింది.

తలుపు తీయగానే చెంచా చప్పుడు ఆగిపోయింది. గది ఎలా ఉండాలో అలాగే ఉంది. కిటికీ కింద కుట్టుమిషను. దాని మీద సగం అంచు మడిచిన కోటు. మూలన తల లేని కొలతల బొమ్మకి వేసిన ఇంకో కోటు. ఆ బొమ్మని చూసి మనిషే అనుకుని కోడలు ఓ అడుగు వెనక్కి వేసింది. గదికి ఆ చివర, పొయ్యి ఉన్న మూలకి అడ్డంగా ముక్కల గుడ్డలు కలిపి కుట్టిన తెర వేలాడుతోంది. తెర కదలడం లేదు. కానీ గదిలో వాసన ఉంది. గ్రీజు వాసన, కాస్త చెమట వాసన. పని నుంచి వచ్చిన ఆయన చొక్కా ఉతకడానికి తీసుకున్నప్పుడు వచ్చే వాసన. కింద ఉన్న ఆయన చొక్కాలకి ఆ వాసన లేదన్న సంగతి ఆమెకి ఇప్పుడు తట్టింది. తను ఇంతకాలం ఉతికింది మురికే పట్టని చొక్కాలే.

కోడలు మోకాళ్ళ మీద కూర్చుని, కంచాన్ని నేల మీద పెట్టి, తెర దగ్గరికి తోసింది.

"భోజనం తెచ్చాను" అంది. కంచాన్ని ఇంకాస్త తోసి మళ్ళీ అంది. "ఏవండీ, తినండి."

తెర అడుగు నుంచి కంచం అంచు మాత్రం లోపలికి వెళ్ళింది. తర్వాత మొత్తం కంచం వెళ్ళింది. ఎవరో గట్టిగా గాలి పీల్చి, ఆ అన్నం వాసన చూసిన చప్పుడైంది. కోడలికి భయం పోయి జాలి ముంచుకొచ్చింది. తెర తీసి, తల నిమిరి, కూర్చోబెట్టి తినిపించాలనిపించింది. చెయ్యి చాపింది కూడా.

"ఇదెంత పడింది?"

ఆయన గొంతే. అచ్చం ఆయనదే. కానీ ఎన్నాళ్ళుగానో మాట్లాడని మనిషి గొంతులా బొంగురుపోయి ఉంది. కోడలి చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఎంతైతే ఏమండీ? మనింటి అన్నమే. తినండి."

"ఇక్కడి లెక్క నాకొద్దు" అంది ఆ గొంతు. "పరాయి తిండికి లెక్క అడగను గానీ ఇది మన సొమ్ము. మన డబ్బుల్లో ఎంతో చెప్పు."

లోపల కంచం మీద చెంచా ఆనింది. అలాగే ఆనించి జవాబు కోసం ఆగినట్టుంది. జీవితమంతా తలకింత అని లెక్క చెబుతూ బతికిన మనిషి ఇప్పుడు ఆ లెక్కని నాలిక చివరే ఆపుకుంది. నిజం చెబితే కంచం తిరిగి బయటికి వచ్చేస్తుందని ఆమెకి తెలుసు. అబద్ధం చెబితే పట్టేస్తాడనీ తెలుసు. ధరల విషయంలో ఆయన ఎప్పుడూ మోసపోలేదు.

అంతలో కింద నుంచి అత్తగారి కేక వినపడింది. "అమ్మాయ్, వీడికీ ఏదో వినపడిందట, లేచాడు. ఆపితే ఆగడం లేదు, పైకి వస్తున్నాడు."

మెట్ల మీద దీపం ఆరిపోయింది. ఆ చీకట్లో టైలరమ్మ గోడకి అంటుకుపోయి నిలబడ్డ చప్పుడు, ఆ వెనక అడుగుల చప్పుడు. తొందర లేని అడుగులు, ఏదీ అక్కర్లేని మనిషి అడుగులు. గుమ్మం దాకా వచ్చి ఆగాయి. కోడలు తల తిప్పలేదు. ముందు తెర, వెనక గుమ్మం, మధ్యలో తను.

"చెప్పు, ఎంత?" అంది తెర వెనక గొంతు.

"చెప్పకు" అన్నాడు గుమ్మంలోని మనిషి. "ఎంతో చెప్పావంటే తినడు. మనింటి అన్నం తిన్నాడంటే మాత్రం నేనుండను."